సుంకి ఘాట్ ఎక్కని ఇంపల్స్: పోయింది క్లచ్చా, గేర్ బాక్సా?

ఎర్రమట్టి
రెండు నెలల కిందట విజయనగరం వైపు ఒకాయన దగ్గర 2013 మోడల్ హీరో ఇంపల్స్ మోటార్ సైకిల్ కొన్నాను. 36 వేలు. మీటరులో 41 వేల కిలోమీటర్లు ఉంది. నేను ఒడిశాలో పొట్టంగి దగ్గర ఉంటాను, పశువులకు టీకాలు వేసే పని. తారు రోడ్డు దిగాక అంతా రాళ్ళూ, ఎర్రమట్టీ, వాగులే. మామూలు బండితో అయ్యే పని కాదని ఏరికోరి దీన్ని తీసుకున్నాను.

ఇప్పుడు మూడు బాధలు పెడుతోంది. సుంకి ఘాట్‌లో నాలుగో గేరులో యాక్సిలేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది కానీ బండి వేగం పెరగదు. సాలూరు నుంచి సరుకు వేసుకుని వచ్చిన రోజు మరీ ఘోరం. రెండోది, ఆగినప్పుడు న్యూట్రల్ పడదు. మొదటి నుంచి రెండుకు, రెండు నుంచి మొదటికి తొక్కుతూ ఉండాలి. మూడోది, అన్నిటికంటే భయపెట్టేది: ఎత్తు ఎక్కుతుంటే రెండో గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌కు వచ్చేస్తుంది. మొన్న ఒక మలుపులో అలా ఊడి వెనక్కి జారాను.

మా దగ్గరి మెకానిక్ ఒక చుట్టు తిప్పి తెచ్చి, గేర్ బాక్స్ పోయింది, ఇంజిన్ దించాలి, 18 వేలు అవుతుంది అన్నాడు. అంటే బండి ధరలో సగం. వారం నుంచి భుజాన ఐస్ పెట్టె తగిలించుకుని కొండ ఊళ్ళకు నడిచి వెళుతున్నాను. మధ్యాహ్నానికి ఐస్ కరిగిపోతే టీకాలు పనికిరావు. ఏం చేయమంటారు?

పానా12
ముందు ఒక మాట. ఆ ఇంజిన్‌ను ఎవరి చేతా దించనివ్వకండి, ఇప్పుడే కాదు.

మీరు చెప్పిన మూడూ ఒకే జబ్బు కానక్కరలేదు. మోత పెరిగి వేగం పెరగకపోవడం క్లచ్ జారడం. న్యూట్రల్ పడకపోవడం చాలాసార్లు క్లచ్ పూర్తిగా వదలకపోవడం. రెండో గేరు ఊడటం ఒక్కటే గేర్ బాక్స్‌కు సంబంధించినది కావచ్చు, అదీ తేలలేదు. జయపురంలో ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. బయటి నుంచి చూడాల్సినవి చూడకుండా విప్పిన ఇంజిన్లు ఎన్నో నా దగ్గరికి బస్తాల్లో వచ్చాయి.

వీటికి జవాబులు చెప్పండి. ఏ ఆయిల్ పోశారు, ఎప్పుడు? క్లచ్ లీవర్ చివర ఎంత ఆట ఉంది, అంటే బిగువు తగిలేలోపు ఎంత వదులుగా కదులుతోంది? ఇంజిన్ ఆపినప్పుడు న్యూట్రల్ పడుతుందా? చైను ఎంత వదులుగా ఉంది? బండి ఎప్పుడైనా ఎడమ పక్కకు పడిందా? గేర్ రాడ్ వంగి ఉందా?

రెండుచక్రాల_రాణి
పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు అన్నా. కానీ అన్నీ అడగాల్సినవే.

గుణుపురం_కుర్రాడు
రెండో గేరు ఊడుతోందంటే గేర్ బాక్సే. నాకు సందేహం లేదు. నా పాత బండికి సరిగ్గా ఇదే జరిగింది. క్లచ్ వైరు మార్చాను, ఆయిల్ మార్చాను, నాలుగు నెలలు సాగదీశాను. చివరికి విప్పితే రెండో గేరు డాగ్‌లు, అంటే పక్క గేరును పట్టుకునే పళ్ళు, గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి, వాటితో పాటు గేరును పక్కకు జరిపే ఫోర్క్ కూడా. మొదటే విప్పి ఉంటే ఫోర్క్ అయినా మిగిలేది. మొత్తం 14 వేలు పోయింది.

పానా12
గుణుపురం తమ్ముడూ, నీ బండి సంగతి నిజమే. కానీ ఆయన బండికి క్లచ్ కూడా జారుతోంది. గేర్ బాక్స్ విప్పి కుట్టేసినా ఘాట్ ఎక్కదు. అప్పుడు మళ్ళీ డబ్బు.

ఎర్రమట్టి
చూసి చెబుతున్నాను.

ఆయిల్ నేను మార్చలేదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, కారుకు మార్చగా మిగిలిన కొత్త ఆయిల్ ఉంటే అదే పోశాను, ఖరీదైనదే అన్నాడు. క్లచ్ లీవర్‌కు ఆట అసలు లేదు, వేలు పెట్టగానే బిగువు తగులుతుంది. ఇంజిన్ ఆపితే న్యూట్రల్ వెంటనే పడుతుంది, నడుస్తుంటేనే పడదు. చైను పరవాలేదు. బండి ఎడమ పక్కకు పడినట్టు గీతలు ఉన్నాయి. గేర్ రాడ్ కొద్దిగా లోపలికి వంగింది.

పానా12
ఆట లేదు, కారు ఆయిల్. సగం జవాబు దొరికింది.

మహేంద్రగిరి1501
ఆయిల్ సంగతి తెలియని వారి కోసం రాస్తున్నాను, ఇది చాలామంది చేసే తప్పు.

కారులో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌కు దూరంగా పొడిగా ఉంటుంది. మన బండ్లలో ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్స్‌లో చాలావాటికి రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, మైలేజీ కోసం. అవే మన క్లచ్ ప్లేట్లను నున్నగా జారేలా చేస్తాయి. అందుకే జపాన్‌లో 1998లో జాసో టీ 903 అనే ప్రమాణం పెట్టారు. డబ్బా వెనక ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్‌కు సరిపోతుంది. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు, మనకు వద్దు. ఖరీదుకూ దీనికీ సంబంధం లేదు.

నేను పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు నెలకోసారి వెళతాను. డబ్బా వెనక చూడకుండా ఆయిల్ కొనను.

రాయగడ_దారి
నాకు ఒక మెకానిక్ చెప్పాడు, ఆయిల్ ఏదైనా ఒకటే, అంతా కంపెనీల వ్యాపారం అని. ఇన్నాళ్ళూ అదే నమ్మాను.

మహేంద్రగిరి1501
చిక్కదనం అంకె ఒకటే కావచ్చు, 10డబ్ల్యూ30 రెండిటి మీదా ఉంటుంది. తేడా ఆ అంకెలో లేదు.

వర్నియర్
సునాబెడలో విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. మోటార్ సైకిల్ మెకానిక్‌ను కాను. కానీ కొలవకుండా తీర్పు చెప్పకూడదన్నది ముప్పై ఏళ్ళు నేర్చుకున్నాను.

క్లచ్ జారుతోంది, అదే క్లచ్ వదలడమూ లేదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. లీవర్‌కు ఆట లేకపోతే క్లచ్ జారాలి, కానీ న్యూట్రల్ మాత్రం ఇంకా తేలికగా పడాలి, ఎందుకంటే లీవర్ పట్టినప్పుడు ప్లేట్లు మరింత దూరం జరుగుతాయి. అలా జరగడం లేదంటే లోపల ఇంకొకటి ఉంది. ఒకటి, ప్లేట్లు వేడికి వంగి ఉండాలి. లేదా ప్లేట్లను పట్టి ఉంచే గిన్నె, క్లచ్ హౌసింగ్, దాని వేళ్ళ మీద గాట్లు పడి, ప్లేట్లు ఆ గాట్లలో ఇరుక్కుని జరగకుండా ఉండాలి.

నా ఊహ ఇది. పాత యజమానికి ముందు న్యూట్రల్ పడని బాధ వచ్చింది. దానికి వైరు బిగించాడు. కొంచెం నయమైంది, ఇంకొంచెం బిగించాడు. ఆట పూర్తిగా పోయింది. అప్పుడు క్లచ్ జారడం మొదలైంది, పైగా కారు ఆయిల్. జారితే వేడి పుడుతుంది, వేడికి ఉక్కు ప్లేట్లు వంగుతాయి, వంగితే మళ్ళీ న్యూట్రల్ పడదు. ఊహ మాత్రమే. మూత విప్పితే తెలుస్తుంది.

పానా12
మాస్టారూ, ఇంత బాగా నేను చెప్పలేను. రోజూ చూసేదే, కానీ ఈ వరుసలో ఎప్పుడూ ఆలోచించలేదు.

గుణుపురం_కుర్రాడు
క్లచ్ విషయం ఒప్పుకుంటాను. రెండో గేరు విషయం ఒప్పుకోను.

పానా12
సరే, దాన్ని విడిగా పెడదాం. ఎర్రమట్టి గారూ, ఈ వరుసలో చేయండి. ఒకసారికి ఒకటే మార్చండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదట వైరు. లీవర్ దగ్గరి సర్దుబాటు పూర్తిగా లోపలికి తిప్పి, ఇంజిన్ దగ్గరి నట్లు వదులు చేసి, లీవర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఆట వచ్చేలా పెట్టండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, తిప్పినప్పుడు ఆట మారితే వైరు దారి తప్పు. లీవర్ మూల దగ్గర వైరు గుండు చూడండి, ఒక్క పోగు తెగి ఉన్నా మార్చేయండి. అడవిలో తెగితే మీరు నడవాల్సిందే.

తర్వాత పరీక్ష. చదునైన రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో వెళుతూ ఒక్కసారిగా యాక్సిలేటర్ పూర్తిగా తిప్పండి. మోత, వేగం కలిసి పెరగాలి. మోత ముందుకు ఎగిరి వేగం వెనక పడితే ఇంకా జారుతోందని అర్థం. దాన్ని పదే పదే చేయకండి, ప్లేట్లు కాలిపోతాయి.

ఆ తర్వాతే ఆయిల్. వేడిగా ఉన్నప్పుడు దించండి, దించిన ఆయిల్ పారబోయకండి.

వర్నియర్
దించిన ఆయిల్‌ను తెల్ల పళ్ళెంలో పోసి ఎండలో చూడండి. అడుగున అయస్కాంతం తిప్పండి. వేలికి బూడిద రంగు మెత్తటి పేస్టులా అంటితే అది మామూలు అరుగుదల. గోరు మొనలా మెరిసే ముక్క తగిలితే అది గేరు పన్ను ముక్క, అప్పుడు బండి ఆపేయాలి. అయస్కాంతానికి అంటకుండా మెరిసేది అల్యూమినియం. నల్లటి నార లాంటిది ఉండి కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేటు.

రెండుచక్రాల_రాణి
పాలలా తెల్లగా ఉంటే వాగు నీళ్ళు లోపలికి వెళ్ళినట్టే. కొలాబ్ వైపు ఒక వాగు దాటాక నాకు అలాగే వచ్చింది. రెండుసార్లు ఆయిల్ మార్చాల్సి వచ్చింది, మొదటిసారి మార్చినది రెండు రోజులకే మళ్ళీ తెల్లబడింది.

జయపురం_చక్రాలు
ఒక పక్క మాట. బండి ఏపీ నంబరా? ఒడిశాలో ఏడాది దాటి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. అమ్మినాయన చేత ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఇప్పించుకోండి, ఫోను ఎత్తుతున్నప్పుడే.

ఎర్రమట్టి
ఏపీ 35. ఈ సంగతి నాకు తెలియదు, ఈ వారమే అడుగుతాను.

ఎర్రమట్టి
మూడు రోజుల తర్వాత వస్తున్నాను. వరుస తప్పకుండా చేశాను.

వైరు మూల దగ్గర రెండు పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. లోపలి గొట్టంలో ఎర్రమట్టి గట్టిపడి ఉంది, పాత వైరు లాగితే ఇటుక పొడిలా రాలింది. కొత్త వైరు వేసి 12 మిల్లీమీటర్ల ఆట పెట్టాను. జారడం తగ్గింది, పోలేదు. న్యూట్రల్ మాత్రం ఇంకా కష్టమైంది.

ఆయిల్ దించాను. మా అమ్మ ఇడ్లీ పిండికి వాడే స్టీలు పళ్ళెం తెల్లగా లేకపోయినా పనికొచ్చింది. కాలిన వాసన గట్టిగా వచ్చింది. నల్లటి నార ఉంది. అయస్కాంతానికి మెత్తటి పేస్టు, దానిలో బియ్యపు నూక అంత ముక్కలు రెండు. అవి మెరుస్తున్నాయి, ఒక వైపు చదునుగా ఉన్నాయి.

ఎంఏ2 ఆయిల్ పోసి నలభై కిలోమీటర్లు తిప్పాను. జారడం ఇంకొంచెం తగ్గింది. ఘాట్‌లో ఇప్పటికీ ఉంది.

పానా12
ఆ పళ్ళెంలో మళ్ళీ ఇడ్లీ పిండి పోయకండి.

ఆట పెట్టగానే న్యూట్రల్ కష్టమైందంటే మాస్టారు చెప్పిందే నిజం. పాతాయన వైరు బిగించి దాచిపెట్టాడు. మూత విప్పాల్సిందే. ఇది ఇంజిన్ దించడం కాదు, కుడి పక్క మూత ఒక్కటే. ఆదివారం సెమిలిగూడ వస్తున్నాను, మా తోడల్లుడి ఇంట్లో పని ఉంది. అక్కడికి బండి తెండి, క్లచ్ హౌసింగ్ పట్టుకునే పనిముట్టు నా దగ్గర ఉంది. అది లేకుండా మధ్య నట్టు విప్పకండి. ఉలి పెట్టి సుత్తితో కొడతారు కొందరు, నట్టు వస్తుంది, దానితో పాటు షాఫ్టు మరలు కూడా పోతాయి.

గుణుపురం_కుర్రాడు
ఒక వైపు చదునుగా ఉన్న ముక్కలు. అది డాగ్ అంచు. నేను చెబుతూనే ఉన్నాను.

వర్నియర్
కావచ్చు. రెండు ముక్కలతో తేల్చలేం. ఎన్నాళ్ళ నాటివో కూడా తెలియదు, ఇంతకుముందు ఎవరు ఏది పగలగొట్టారో. కొత్త ఆయిల్‌ను రెండు వందల కిలోమీటర్ల తర్వాత మళ్ళీ దించి చూడాలి, అప్పుడు వచ్చేవి కొత్తవి.

ఆదివారం నేనూ వస్తాను, సునాబెడ నుంచి ఎంత దూరం. మందం కొలిచే వర్నియర్, సందు కొలిచే పలచటి రేకుల ఫీలర్ గేజ్ తెస్తాను. మీరు ఒక గాజు పలక తెండి, టీవీ బల్ల మీదిదైనా సరే. గాజును మించిన చదును మన ఇళ్ళలో ఉండదు.

కొత్త_సవారీ
ఇంపల్స్‌కు విడి భాగాలు దొరుకుతాయా? ఆ బండి ఆపేసి చాలా ఏళ్ళయింది కదా. నేనూ ఒకటి చూస్తున్నాను, 40 వేలు చెబుతున్నారు.

మహేంద్రగిరి1501
2011లో వచ్చిన బండి. బ్రెజిల్‌లో హోండా అమ్మిన ఎన్ఎక్స్ఆర్ 150 బ్రోస్ రూపంలో చేశారు. కానీ ఇంజిన్ మన రోడ్ల మీద అప్పటికే తిరుగుతున్న 149.2 సీసీదే, హంక్, సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్ బండ్లలో ఉన్న ఇంజిన్ల కుటుంబం. అందుకే ఇంజిన్ భాగాలకు అంత కష్టం లేదు. ప్లాస్టిక్కులూ సస్పెన్షనూ వెతుక్కోవాలి. ఏ భాగమైనా పాత దాని మీది నంబరు పక్కన పెట్టి చూశాకే కొనండి, ఒకేలా కనిపించినంత మాత్రాన ఒకటే కావు.

కొనే ముందు బండి చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి. మీరు వచ్చేసరికి వేడెక్కించి పెడితే ఏదో దాస్తున్నారు. మొదటి గేరు వేసి క్లచ్ పట్టుకుని బండి తోయండి. మొదటిసారి కాస్త అంటుకున్నట్టుంటే పరవాలేదు, రాత్రంతా ఆయిల్‌తో ప్లేట్లు అతుక్కుంటాయి. వేడెక్కాక కూడా ముందుకు లాగుతూ ఉంటే క్లచ్ వదలడం లేదు. ఒక ఎత్తు ఉన్న దారి చూసుకుని ప్రతి గేరులోనూ లాగి చూడండి, చదును మీద అన్ని బండ్లూ బాగానే ఉంటాయి.

రాయగడ_దారి
క్లచ్ పట్టగానే ఆగిపోయే గరగర శబ్దం దేనిది? నా బండికి న్యూట్రల్‌లో వస్తుంది, లీవర్ పడితే పోతుంది.

పానా12
న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉంటే గేర్ బాక్స్‌లో క్లచ్‌కు కలిసి ఉండే షాఫ్టు తిరుగుతూ ఉంటుంది, పడితే ఆగుతుంది. కాబట్టి ఆ షాఫ్టు బేరింగులు, లేదంటే హౌసింగ్ వెనక ఉండే స్ప్రింగులు వదులైనా అలాగే అరుస్తుంది. దీనికి విడిగా ఒక చర్చ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

ఎర్రమట్టి
ఆదివారం అయింది. రాత్రి పదింటికి కూర్చుని రాస్తున్నాను, చేతులకు ఇంకా ఆయిల్ వాసన పోలేదు.

మూత విప్పగానే పానా12 అన్న ఏమీ మాట్లాడకుండా హౌసింగ్ నా చేతికి ఇచ్చి, వేలితో తడిమి చూడు అన్నారు. వేళ్ళ అంచుల మీద వరుసగా గాట్లు, చెరకు గడ మీద కణుపుల్లా. గోరు పెడితే ఆగిపోతోంది. ప్లేటు చెవి ఒకటి ఆ గాటులో పెట్టి చూపించారు, అక్కడే కూర్చుంది, తోస్తే తప్ప జరగలేదు. ఇన్నాళ్ళూ న్యూట్రల్ పడకుండా చేసింది అదే.

వర్నియర్ మాస్టారు ప్లేట్లన్నీ గుడ్డతో తుడిచి వరుసగా కొలిచారు. పక్కన పెట్టిన కొత్త ప్లేటు 2.95 మిల్లీమీటర్లు, నావి 2.5 దగ్గర. పైన గాజులా మెరుస్తున్నాయి. ఉక్కు ప్లేట్లు నీలం రంగు తిరిగాయి. గాజు పలక మీద పెట్టి 0.30 ఫీలర్ దూర్చితే రెండిటి కింద సులువుగా దూరింది. స్ప్రింగులు కొత్త వాటి కంటే పొట్టిగా ఉన్నాయి.

ప్లేట్లు, స్ప్రింగులు, హౌసింగ్, పేకింగ్ కలిపి 3,900. కొత్త ప్లేట్లను ముందు రోజు రాత్రే ఆయిల్‌లో నానబెట్టి తెచ్చారు అన్న. పొడిగా బిగిస్తే మొదటి పది నిమిషాల్లోనే కాలతాయని చెప్పారు. కూలి తీసుకోలేదు, మా ఇంటి పనసకాయలు రెండు మాత్రం తీసుకెళ్ళారు.

క్లచ్ ఇప్పుడు వెన్నలా ఉంది. న్యూట్రల్ బొటనవేలితో పడుతోంది.

రెండుచక్రాల_రాణి
హౌసింగ్ గాట్లను ఆకురాయితో సాపు చేసి వాడుకోవచ్చు కదా? నేను చేశాను, ఏడాదిగా నడుస్తోంది.

పానా12
గాటు లోతు తక్కువైతే చేయవచ్చు, నేనూ చేస్తాను. ఇవి లోతు. అంత లోతుగా అరగదీస్తే వేలికీ ప్లేటు చెవికీ మధ్య సందు పెరుగుతుంది, ప్లేట్లు టకటకా కొట్టుకుని ఇంకా త్వరగా గాట్లు పడతాయి. కొండల్లో తిరిగే బండికి ఆ సాహసం వద్దనుకున్నాను. రోడ్డు బండి అయితే వేరే మాట.

జయపురం_చక్రాలు
పానా అన్నా, నా బండి హౌసింగ్‌ను కూడా ఒకసారి చూడండి, మా ఇంట్లో కూడా పనస చెట్టు ఉంది.

గుణుపురం_కుర్రాడు
రెండో గేరు?

ఎర్రమట్టి
ఆ రోజే గేర్ రాడ్ కూడా చూశాం. వంగి ఇంజిన్ మూతకు తగులుతోంది, అల్యూమినియం మీద గీత పడి ఉంది. అందువల్ల పైకి లేపినప్పుడు గేరు పూర్తిగా పడకముందే రాడ్ ఆగిపోతోంది. విప్పి, వేడి చేసి, నిటారు చేశారు. మూత తీసినప్పుడే గేర్లు మార్చే నక్షత్రం లాంటి చక్రాన్ని పట్టి ఉంచే చేతినీ, దాని స్ప్రింగునూ చూశారు, బాగానే ఉన్నాయి.

తర్వాత రెండు రోజులు ఒక్కసారి కూడా ఊడలేదు. మీకు చెప్పాలనే అనుకున్నాను. ఈ రోజు దేవమాలి వైపు ఒక ఊరికి వెళుతుంటే, 1672 మీటర్ల కొండ, చివరి ఎత్తులో మళ్ళీ ఊడింది. రెండుసార్లు.

పానా12
ఈసారి ఇలా చేయండి. అదే ఎత్తులో, రెండో గేరు లాగుతున్నప్పుడు, బూటుతో రాడ్‌ను పైకి మెల్లగా ఆనించి ఉంచండి. పాదానికి ఏమి తెలుస్తుందో చెప్పండి. ఒకసారి చాలు. పాదంతో బలవంతంగా ఆపుతూ తిరగకండి, ఫోర్క్ కాలిపోతుంది.

ఎర్రమట్టి
చేశాను. రాడ్ నా పాదాన్ని కిందికి నెడుతోంది. యాక్సిలేటర్ ఎంత తిప్పితే అంత గట్టిగా నెడుతోంది. తగ్గిస్తే నెట్టడం ఆగుతోంది.

పానా12
గుణుపురం తమ్ముడూ, రెండో గేరు విషయంలో నువ్వు చెప్పిందే నిజం. నాకు రాడ్ దగ్గర ఆగిపోవాలని ఉండింది.

కొత్తవారికి వివరం: గేర్లు ఒకదాన్నొకటి పట్టుకునేది పక్కన ఉండే డాగ్‌లతో. కొత్తవాటి అంచు కొద్దిగా లోపలికి వాలి ఉంటుంది, అందుకే బరువు పడే కొద్దీ ఒకదానిలోకి ఒకటి లాక్కుంటాయి. అంచు గుండ్రంగా అరిగితే అదే బరువు వాటిని విడదీస్తుంది. ఆ తోపు ఫోర్క్ మీదుగా, ఫోర్క్‌లను కదిలించే డ్రమ్ మీదుగా మీ పాదానికి వస్తోంది. రాడ్ వంగి సగం సగం పడుతూ ఉండటం వల్లే అంచులు అరిగి ఉంటాయి.

ఇప్పుడు ఇంజిన్ దించాలి. ఇది ఊహతో చెప్పడం లేదు.

గుణుపురం_కుర్రాడు
అన్నా, మీరు ఆ వరుసలో చేయించకపోతే ఆయన 18 వేలు పెట్టి గేర్లు మార్పించి, జారే క్లచ్‌తో ఇంటికి వెళ్ళేవారు. నేనూ అదే చెప్పేవాడిని.

ఎర్రమట్టి గారూ, విప్పించేటప్పుడు రెండో గేరును ఒంటరిగా మార్చకండి. దాన్ని పట్టుకునే జత చక్రాన్నీ కలిపి మార్చండి. ఫోర్క్ మొనలు చూడండి, నీలం తిరిగినా ఒక వైపు పలచబడినా మార్చేయండి. నేను ఒకటే మార్చి మూడు నెలల్లో మళ్ళీ విప్పాను. డ్రమ్ గాడి అంచులు కూడా చూడండి.

వర్నియర్
బేరింగులను ఆయిల్ కడిగి చేత్తో తిప్పి చూడండి. విప్పడానికే ఎక్కువ ఖర్చు, లోపల అనుమానం ఉన్న బేరింగును వదిలేయకండి. విప్పేటప్పుడు వాషర్ల వరుస ఫోటో తీయండి. ఒక వాషరు పక్కది పక్కకు వెళితే గేరు అంతా మారుతుంది.

కొత్త_సవారీ
40 వేల బండిని ఈ రోజు వెళ్ళి ఎత్తులో నడిపి చూశాను. రెండో గేరు ఊడింది. అక్కడే వదిలేసి వచ్చాను. ఈ చర్చ చదవకపోతే కొనేసేవాడిని.

మహేంద్రగిరి1501
వదిలేయనక్కరలేదు. పది వేలు తగ్గించమని అడగండి, కారణం చెప్పి.

ఎర్రమట్టి
పన్నెండు రోజులకు బండి వచ్చింది. జయపురంలో అన్న దగ్గరే విప్పారు, ఒక రోజంతా పక్కనే కూర్చుని చూశాను.

పాత రెండో గేరు నా బల్ల మీద ఉంది. డాగ్‌లు నాలుగూ మూలలు పోయి సబ్బు బిళ్ళ అరిగినట్టు ఉన్నాయి, ఒకదాని అంచు చిట్లి ఉంది. ఆయిల్‌లో దొరికిన నూక ముక్కల్లో ఒకటి ఆ చిట్లిన చోట పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయింది. ఫోర్క్ ఒక మొన సగం పలచబడింది. జత గేర్లు, ఫోర్క్, ఒక బేరింగు, పేకింగుల సెట్టు కలిపి 6,400. కూలి 3,500. క్లచ్‌తో, వైరుతో, ఆయిల్‌తో కలిపి లెక్క చూస్తే 15 వేలకు కొంచెం తక్కువ. మొదట చెప్పిన 18 వేల కంటే ఎంతో తగ్గలేదు, కానీ ఆ 18 వేలలో క్లచ్ లేదు.

నిన్న సాలూరు నుంచి టీకాల పెట్టెతో సుంకి ఘాట్ ఎక్కాను. మూడో గేరులోనే ఎక్కింది, నేను వెనక్కి జారిన మలుపు దగ్గర రెండుకు దించి కావాలనే పూర్తిగా లాగాను. ఊడలేదు. ఊరు చేరేసరికి పెట్టెలో ఐస్ ముక్కలు ఇంకా గలగలమంటున్నాయి.

వర్నియర్
కొత్త ఆయిల్‌ను అయిదు వందల కిలోమీటర్ల దగ్గర ఒకసారి దించండి. పళ్ళెంలో ఏమి వచ్చిందో ఇక్కడ రాయండి.

రాయగడ_దారి
పానా12 అన్నా, నా గరగర శబ్దానికి విడిగా చర్చ పెట్టాను. మూత విప్పక తప్పదనిపిస్తోంది. ఆ హౌసింగ్ పట్టుకునే పనిముట్టు రెండు రోజులకు ఇవ్వగలరా? మా మెకానిక్ దగ్గర ఉలీ సుత్తీ తప్ప లేవు.

పానా12
రేపు ఉదయం రాయగడ బస్సులో డ్రైవరు చేతికి ఇస్తాను. బస్టాండులో తీసుకోండి. నట్టు బిగించే ముందు వాషరు ఏ వైపు ఉందో చూసుకోండి. పని అయ్యాక అదే బస్సులో వెనక్కి పంపండి, శనివారం జయపురం_చక్రాలు గారి బండి ఉంది.